ముఖ్య అతిథి కుర్చీ గురించి: మా ఊరి యువజన సంఘానికి ఒక మాజీ సైనికుడి బహిరంగ లేఖ

అల్లుళ్ళకు,

మీరు పంపిన ఆహ్వాన పత్రం అందింది. నా పేరు ముందు ‘శత్రువుల గుండెల్లో నిద్రపోయిన వీరుడు, త్యాగధనుడు’ అని వేయించారు. మీ అత్త కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, ‘నిద్రపోవడం వరకు నిజమే’ అంది. ఇంట్లో ఆ నవ్వులు ఇంకా ఆగలేదు.

ఆగస్టు 15న ముఖ్య అతిథిగా రమ్మన్నారు. జెండా ఎగరేసి, దేశభక్తి మీద అరగంట మాట్లాడమన్నారు. వస్తానో రానో చెప్పే ముందు కొన్ని సంగతులు తేల్చుకోవాలి. రోజూ తెల్లారి 5 గంటలకు కాలవ గట్టు మీద కలుస్తూనే ఉన్నాం కదా, ఈ లేఖలెందుకు మావయ్యా అంటారు. గట్టు మీద మీకు ఊపిరి ఉండదు, నాకు స్టాప్‌వాచ్ తప్ప వేరే ధ్యాస ఉండదు. పైగా పోయిన ఏడాది జెండా వందనం రోజు జరిగింది నలుగురిలో జరిగింది. ఆ వీడియో జిల్లా అంతా తిరిగింది. నేను చెప్పేది కూడా నలుగురిలోనే ఉండాలి.

ముందు ఆ ‘త్యాగధనుడు’ సంగతి.

నేను 1989లో భర్తీ అయ్యాను. దేశభక్తితో కాదు. ఇంటర్ తప్పాను. నాన్నకి 60 సెంట్ల జీడితోట, దాని మీద మా అక్క పెళ్ళి అప్పు. పక్కింటి అన్న పటాలం నుంచి సెలవుకొచ్చినప్పుడు ట్రంకు పెట్టె, ఉన్ని కంబళి, తెల్లటి స్వెట్టరు తెచ్చేవాడు. నెల తిరిగేసరికి వాళ్ళ ఇంటికి మనియార్డరు వచ్చేది. మన ఉద్దానంలో వీధికి నలుగురు ఫౌజీలు ఉన్నారంటే ఆ మనియార్డరు పుణ్యమే. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు. మీరు మాత్రం ఎందుకు పరిగెడుతున్నారు? 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు కొడితే 60 మార్కులు వస్తాయని. నాలుగేళ్ళకి అగ్నివీర్‌గా తీసుకుని, అందులో నూటికి పాతిక మందినే ఉంచుకుంటారని తెలిసి కూడా పరిగెడుతున్నారు. ఆ 25 మందిలో నేనుంటానని ఒక్కొక్కరికీ ఆశ. ఆశ తప్పు కాదు. రిక్రూట్‌మెంట్ గ్రౌండ్‌లో ఎవరి గుండెనీ కోసి లోపల జెండా ఉందా అని చూడరు. ఛాతీ కొలుస్తారు, అంతే.

దేశం సంగతి నాకు తెలిసొచ్చింది తర్వాత. అది కూడా ఎవరో ప్రసంగం చేస్తే కాదు.

1996 చలికాలంలో మా కంపెనీ సియాచిన్ ఎక్కింది. బేస్ క్యాంప్ దగ్గర ఓపీ బాబా గుడి ఉంటుంది, అక్కడివాళ్ళని కాపాడతాడని నమ్మే ఒక జవాను పేరున కట్టింది. పైకి పోయేవాళ్ళు అక్కడ రిపోర్ట్ చెయ్యాలి, కిందికి వచ్చాక మళ్ళీ రిపోర్ట్ చెయ్యాలి. హిందువైనా, ముస్లిమైనా, క్రైస్తవుడైనా సరే. అక్కడి నుంచి నడక. మంచు గట్టిపడి ఉన్నప్పుడే నడవాలి, కాబట్టి బయల్దేరేది రాత్రిపూట. మంచు కింద పగుళ్ళు ఉంటాయి, పైకి కనబడవు. అందుకని ఒకే తాడుకి అందర్నీ కడతారు. నా ముందు మధురై వైపు కుర్రాడు, నా వెనక కేరళ వాడు, చివర బళ్ళారి వాడు. వీళ్ళ మీద నాకు పెద్ద ప్రేమ ఉండేదనుకోకండి. మధురై వాడితో స్టవ్ దగ్గర చోటు కోసం చెయ్యి చేసుకున్నంత పని చేశాను. అయినా తాడు ఒక్కసారి లాగిందంటే కాళ్ళు పాతేసి నిలబడాలి. ముందున్నవాడు ఎవడు, ఏ మాట అన్నాడు, నిన్న కూరలో ముక్క ఎవడు ఎక్కువ వేసుకున్నాడు, ఇవేమీ ఆ క్షణంలో గుర్తురావు. ఆ మూడు నెలల్లో మాలో ఎవరి నోటా దేశం అన్న మాట వినలేదు.

పోస్టులో రోజులెలా ఉంటాయో మీరు చాలాసార్లు అడిగారు. ఫైబర్ గుడిసెలో కిరోసిన్ స్టవ్ రాత్రీ పగలూ మండాలి. పొద్దున ఉమ్మితే నల్లగా పడుతుంది. కమలాపండు క్రికెట్ బంతిలా గట్టిపడిపోతుంది, టూత్‌పేస్టు ట్యూబులోంచి రాదు. వట్టి చేత్తో తుపాకీ ముట్టుకుంటే చర్మం ఊడి దానికి అంటుకుపోతుంది. ఆకలి ఉండదు, నిద్ర ఉండదు. 1984 ఏప్రిల్‌లో మనవాళ్ళు ఆ కొండలెక్కినప్పటి నుంచి అక్కడ తూటా కంటే మంచు ఎక్కువమందిని తీసుకుపోయింది. 2016 ఫిబ్రవరిలో సోనమ్ పోస్టు మీద హిమపాతం పడి 19వ మద్రాస్ బెటాలియన్ జవాన్లు 10 మంది పోయారు. అందులో మన కర్నూలు జిల్లా వాడూ ఉన్నాడు. శత్రువు ముఖం చూడలేదు వాళ్ళు.

మధురై కుర్రాడు కూడా చూడలేదు. మధ్యాహ్నం ‘తలనొప్పి అన్నే’ అన్నాడు. సాయంత్రానికి దగ్గు. రాత్రికి ఊపిరి తీస్తుంటే లోపల నీళ్ళు మరుగుతున్నట్టు చప్పుడు. హాపో అంటారు దాన్ని, ఊపిరితిత్తుల్లోకి నీరు దిగడం. కిందికి దించడమే మందు. గాలి ఆగితే గానీ చీతా హెలికాప్టర్ రాలేదు, గాలి ఆగలేదు. రెండో రాత్రి పోయాడు. ఆ తర్వాత కూడా నాలుగు రోజులు మా గుడిసె బయటే ఉన్నాడు, స్లీపింగ్ బ్యాగులో. నీళ్ళ కోసం మంచు తవ్వుకోవడానికి రోజూ అతని పక్క నుంచే వెళ్ళేవాళ్ళం.

అతని సామాను జాబితా నాతో రాయించారు, చేతిరాత బాగుంటుందని. ఉన్ని మేజోళ్ళు 3 జతలు. ట్రాన్సిస్టర్ 1. మురుగన్ పటం 1. ఊరగాయ సీసా 1, సగం. పోస్టు చెయ్యని ఇన్‌లాండ్ లెటరు 1. తమిళం నాకు రాదు, ఇంకొకడు చదివి చెప్పాడు. ఇంట్లో మేక ఈనిందట. రెండు పిల్లలట. ‘నేను సెలవుకొచ్చేదాకా అమ్మొద్దు’ అని రాశాడు.

ఇన్నేళ్ళయినా త్యాగం అన్న మాట ఎక్కడ విన్నా నాకు ఆ మేకపిల్లలే గుర్తొస్తాయి. త్యాగమంటే తెలిసి, ఇష్టపడి వదులుకోవడం కదా. అతను ఏదీ వదులుకోలేదు. తిరిగి రావాలనే వెళ్ళాడు, మేకల్ని చూడాలనే ఉన్నాడు. అతని దగ్గర్నుంచి లాక్కున్నారు. దాన్ని స్టేజి ఎక్కి త్యాగం అనేస్తే, లాక్కున్నవాళ్ళ లెక్క ఎవరూ అడగరు. గాలి ఆగనిది ఎవరి తప్పూ కాదనుకోండి. కానీ అన్ని చావులూ గాలి వల్లే రావు. 2025 మే నెలలో సత్యసాయి జిల్లా కల్లితండా అగ్నివీర్ మురళీ నాయక్ పోయినప్పుడు మీరు కొవ్వొత్తులు పట్టుకుని సెంటరు దాకా నడిచారు, నేనూ నడిచాను. 2020లో సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు గల్వాన్‌లో పోయినప్పుడూ అంతే. నడవడం మంచిదే. ఆ కొవ్వొత్తి ఆరిన మర్నాటి నుంచి ఆ ఇంటి తల్లి ఏం చేస్తుందో మీ అత్తని అడగండి. నా టెలిగ్రామ్ వస్తుందేమోనన్న టెన్షన్‌తో ఆవిడ 24 ఏళ్ళు పోస్ట్‌మాన్ సైకిలు బెల్లు విన్నది. ఇప్పటికీ బెల్లు మోగితే చేతిలో పని ఆపుతుంది. ఆహ్వాన పత్రంలో ఆవిడ పేరు లేదు. నేను అలిగి అనడం లేదు, లేదు కాబట్టి చెబుతున్నాను.

ఇక పోయిన ఏడాది సంగతి.

స్కూలు గ్రౌండ్‌లో జెండా ఎగిరింది, మైకులో జనగణమన మొదలైంది. గేటు పక్కన టీ కొట్టు బల్ల మీద పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పేరు రాయను, మీకు తెలుసు. అతను లేవలేదు. మీలో నలుగురు వరసలోంచి పరిగెత్తారు. ఒకరు కాలరు పట్టుకున్నారు, ఒకరు ఫోను తీశారు. ‘లెగు’ అని అరిచారు. అతను ‘లెగను బాబూ’ అన్నాడు. లేవలేను అనలేదు. మోకాళ్ళ నొప్పి అని ఒక అబద్ధం ఆడుంటే మీరు వదిలేసేవారు. అతను ఆడలేదు. చేతిలో టీ గ్లాసు ఒలికి పంచె మీద పడింది. సాయంత్రానికి ‘దేశద్రోహికి బుద్ధి చెప్పిన యువత’ అని వీడియో.

మీ వరస చూస్తున్నవాణ్ణి, నాకు కనబడిన మొదటి తప్పు చెబుతాను. జాతీయ గీతం 52 సెకన్లు. సావధాన్‌లో నిలబడినవాడు ఆ 52 సెకన్లు చీమ కుట్టినా కదలడు. పెద్దాయన కూర్చున్నాడు గానీ చప్పుడు చెయ్యలేదు. గీతం మధ్యలో వరస విడిచి పరిగెత్తింది మీరు, అరిచింది మీరు. పిల్లలంతా పాడటం మానేసి గేటు వైపు తిరిగారు. 1971 నాటి చట్టం ఒకటుంది, జాతీయ చిహ్నాలని అవమానిస్తే శిక్ష వేసేది. గీతం పాడుతుంటే కావాలని ఆపినా, పాడుతున్న సభని చెదరగొట్టినా 3 ఏళ్ళ దాకా జైలు అని అందులో ఉంది. ఆ రోజు సభని చెదరగొట్టింది ఎవరో మీరే ఆ వీడియో మళ్ళీ చూడండి. మీ ఫోనులోనే ఉంది.

లేచి నిలబడాలన్నది నియమమే, కాదనను. అతను లేస్తే నాకు సంతోషంగా ఉండేది. లేవకపోతే నాకు బాధేసింది, అది కూడా నిజం. 1986లో కేరళ పిల్లల కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు మన మాస్టారు ఆ రోజు సాయంత్రం మీకు చెప్పబోతే, ఆయన్ని కూడా దేశద్రోహుల గుంపులోనే కలిపేశారు. ఆ కేసులో ముగ్గురు పిల్లలు లేచి నిలబడ్డారు, మత విశ్వాసం కొద్దీ పాడలేదు. బడి నుంచి తీసేస్తే కోర్టు మళ్ళీ చేర్చుకోమంది. మన పెద్దాయన నిలబడలేదు కాబట్టి రెండూ ఒకటి కాదు, ఒప్పుకుంటాను. కానీ అతను చేసింది తప్పే అనుకున్నా, కాలరు పట్టుకునే అధికారం మీకు ఎవరిచ్చారు? ఆర్మీలో హవల్దారుగా చేసిన నాకే లేదు.

అతనెందుకు లేవలేదో మీలో ఎవరైనా అడిగారా? అతనిది మన ఊరు కాదు. రిజర్వాయరు కింద ఊరు మునిగితే కూతురింటికి వచ్చి చేరాడు. ఇల్లు, కొబ్బరి చెట్లు, వాళ్ళ నాన్నని పూడ్చిన చోటు, అన్నీ నీళ్ళ కింద. పరిహారం లెక్క కట్టిన తేదీకి కొడుక్కి 18 నిండలేదని, కొన్ని నెలల తేడాతో జాబితాలోంచి పేరు కొట్టేశారు. ఆ కాగితాల సంచీ పట్టుకుని ఎన్ని ఆఫీసులు తిరిగాడో. ఆ ఆఫీసుల్లో అతను ఎప్పుడూ నిలబడే ఉన్నాడు. అతనికి ప్రభుత్వం మీద కోపం. ప్రభుత్వం, దేశం ఒకటి కాదు అని నాలాంటివాడు చెప్పడం తేలిక. అతని గుమ్మంలోకి ఆ రెండూ ఒకే జీపులో వచ్చాయి మరి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మీలో చాలామంది బడి పిల్లలు. కొబ్బరి చెట్లన్నీ అడ్డంగా పడి మూడు రోజులు మన వీధిలోకి ట్యాంకరు కూడా రాలేదు. కత్తి పట్టుకుని పొద్దుట్నుంచి రాత్రి దాకా చెట్లు నరికి దారి చేసినవాళ్ళలో ఈయన ఒకడు. అప్పటికి ఊరికి వచ్చి ఎంతో కాలం కాలేదు, ఒక్క చెట్టూ అతనిది కాదు.

ఇంకో మాట. మన బడిలో పిల్లలు రోజూ చెప్పే ప్రతిజ్ఞ రాసింది మన తెలుగాయనే, నల్గొండ జిల్లా అన్నెపర్తి పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా 1962లో రాశారు. చైనాతో యుద్ధం వచ్చిన ఏడాది అది. శత్రువుని తిట్టడానికి అంతకంటే మంచి అదను ఉండదు. ఆయన తిట్టలేదు. భారతీయులందరూ నా సహోదరులు అన్నారు. పెద్దలందర్నీ గౌరవిస్తాను, ప్రతివారితోనూ మర్యాదగా నడుచుకుంటాను అన్నారు. ఆ రోజు కార్యక్రమం మొదట్లో మీరంతా చెయ్యి చాపి ఆ ప్రతిజ్ఞ చెప్పారు. అదయ్యాక పావుగంటకి కాలరు.

మిమ్మల్ని ఇన్ని అన్నాను కాబట్టి నా సంగతి కూడా చెప్పాలి. ఆ 52 సెకన్లు నేను సావధాన్‌లో ఉన్నాను, బాగానే ఉంది. 53వ సెకనులో ఏం చేశాను? ఏమీ లేదు. వెళ్ళి మీ చెయ్యి తియ్యొచ్చు, నా మాట వినేవారు. వేదిక మీద కుర్చీలో కూర్చుని, శాలువా కప్పించుకుని, మైసూర్‌పాకు తిని ఇంటికొచ్చాను. మీరు కుర్రాళ్ళు, ఉడుకు రక్తం అనుకున్నాను. అసలు కారణం అది కాదు. నన్ను కూడా ఎవరైనా ఒక మాట అంటారేమోనని జంకాను. మంచు మీద తాడు లాగితే కాళ్ళు పాతి నిలబడిన మనిషికి సొంత ఊళ్ళో 30 అడుగులు నడవడానికి కాళ్ళు రాలేదు.

స్వాతంత్ర్యం మీద కూడా మాట్లాడమన్నారు. పటాలంలో 24 ఏళ్ళు నాకు అది లేదు. రాజ్యాంగం 33వ అధికరణం కింద సైనికుల హక్కులకి పార్లమెంటు పరిమితి పెట్టొచ్చు, పెట్టింది. సంఘం పెట్టకూడదు, రాజకీయ సభకి వెళ్ళకూడదు, అనుమతి లేకుండా పత్రికకి ఒక్క ముక్క రాయకూడదు. సెలవు కావాలన్నా, జుట్టు పెంచాలన్నా ఒకరి సంతకం. సరేనని వెళ్ళిందే కాబట్టి ఏడుపు లేదు. ఈ లేఖే సర్వీసులో ఉండగా రాసుంటే నన్ను మార్చ్ చేయించి కమాండింగ్ ఆఫీసర్ ముందు నిలబెట్టేవారు. 2013లో డిశ్చార్జి అయి వచ్చిన కొత్తలో టీ కొట్టు దగ్గర కూర్చుంటే భలే వింతగా ఉండేది. ఒకడు ముఖ్యమంత్రిని తిడతాడు, ఇంకొకడు ప్రధానిని తిడతాడు, టీ కొట్టువాడు ఇద్దర్నీ తిట్టి చిల్లర లేదంటాడు. ఎవరూ ఎవరి సంతకమూ అడగరు. నాకు ఆ టీ కొట్టు చాలా నచ్చింది. (క్యాంటీన్ బాటిల్ అడిగేవాళ్ళు కూడా అక్కడే తగులుతారు, అదొక్కటే చిక్కు.) మీరు కాలరు పట్టుకున్నది ఆ కొట్టు బల్ల మీదే.

పోయిన నెల పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. పది నెలలు పట్టింది నాకు. క్షమాపణ చెబుదామనే వెళ్ళాను, మాట రాలేదు. అతను కుర్చీ వేసి, కొబ్బరి బొండం కొట్టిచ్చాడు. జీడిపిక్కల ధర మాట్లాడుకున్నాం. లేచేటప్పుడు ‘నీ పించను సరిగ్గా వస్తందా?’ అని అడిగాడు. వస్తోందన్నాను. ‘అదీ మంచిదే’ అన్నాడు.

ఇక 15వ తేదీ సంగతి. వస్తాను, ముఖ్య అతిథిగా కాదు. కొత్త పత్రాలు వేయించే ఖర్చు వద్దు, ఆ వాక్యం మీద తెల్ల కాగితం అంటించండి. జెండా ఎగరేసే పని బడిలో ఆయాగా చేసే ఆవిడకి ఇవ్వండి. రోజూ ఆ గ్రౌండు ఊడ్చేది ఆవిడే. తాడు ముడి ఎలా వెయ్యాలో నేను ముందు రోజు చూపిస్తాను. మీరు తలపెట్టిన 100 అడుగుల జెండా ఊరేగింపు మానుకోండి. పొడవు మూడు పాళ్ళయితే వెడల్పు రెండు పాళ్ళు ఉండాలి, ఫ్లాగ్ కోడ్ అదే చెబుతుంది. 100 అడుగుల పొడుగు గుడ్డకి వెడల్పు ఎంత రావాలో మీరే లెక్కేసుకోండి, మన వీధి పట్టదు. దాని అంచున చందా ఇచ్చినవాళ్ళ పేర్లు రాయించడం అసలే కుదరదు, జెండా మీద ఏ రాతా ఉండకూడదు. ప్లాస్టిక్ జెండాలు కొనకండి. 16వ తేదీ పొద్దున వాటిని కాలవలోంచి ఏరేది నేనే.

వేదిక కింద మొదటి వరసలో రెండు కుర్చీలు వెయ్యండి. ఒకటి నాకు, ఒకటి పెద్దాయనకి. పిలవడానికి నేనే వెళ్తాను. రాకపోతే కుర్చీ ఖాళీగా ఉంటుంది, ఫర్వాలేదు. వస్తే, గీతం మొదలయ్యాక అతను లేచినా, కూర్చున్నా ఒక్కడూ తల తిప్పకూడదు. సావధాన్ అంటే చూపు కూడా ముందుకే. ఆ వీడియో ఎవరి ఫోన్లలో ఉందో వాళ్ళు ఈ లోపు తీసేయండి. తీసేశాక అతని ఇంటికి వెళ్ళి ఆ సంగతి మీ నోటితో చెప్పండి. నాలాగా పది నెలలు ఆగకండి.

రేపు ఉదయం 5 గంటలకే గట్టు మీదికి రండి. మీలో ఇద్దరు మొదటి 400 మీటర్లు పోటీకి పోయి పరిగెడుతున్నారు, చివరి 400కి కాళ్ళు ఉండట్లేదు. రేపు ఆ ఇద్దరూ నా సైకిలు వెనకే పరిగెత్తాలి. ముందుకి రావద్దు.

మీ
మిలట్రీ మావయ్య